శోషించే యానకంలో కణం: కాంతి పరిక్షేపణం లెక్క ఎక్కడ తప్పుతుంది

నల్లటి రెజిన్‌లో ఒక సన్నని గాలి బుడగ చిక్కుకుంది. దాని వల్ల కాంతి ఎంత తగ్గుతుందో ప్రోగ్రాముతో లెక్కకడితే ఆ తగ్గుదల, అంటే ఎక్స్‌టింక్షన్, మైనస్‌లో వస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు కోడ్‌లో ఎక్కడో గుర్తు తారుమారైందనుకుని దిద్దుతారు. దిద్దాక జవాబు ప్లస్ అవుతుంది, తప్పూ అవుతుంది. నిజానికి ఆ మైనస్సే సరైనది. బుడగ ఉన్నచోట కాంతిని మింగే రెజిన్ లేదు కాబట్టి, బుడగ లేనప్పటికంటే ఉన్నప్పుడే డిటెక్టరుకు ఎక్కువ కాంతి చేరుతుంది.

శోషించే యానకాల్లో, అంటే కాంతిని మింగే పదార్థాల్లో, ఉన్న కణాల మీద జరిగే లెక్కల్లో గందరగోళమంతా ఇలాంటిదే. మాక్స్‌వెల్ సమీకరణాలను సాధించడం ఈ రోజుల్లో కష్టం కాదు. సాధించిన క్షేత్రాల్లోంచి ఏ సంఖ్యను తీసి దానికి ‘క్రాస్ సెక్షన్’ అని పేరు పెడుతున్నామో ముందుగా తేల్చుకోకపోవడం వల్లే ఫలితాలు పాడవుతాయి.

గోళాకార కణం మీద పడి కాంతి చెదరడానికి, అంటే పరిక్షేపణానికి, పూర్తి పరిష్కారాన్ని గుస్తావ్ మీ 1908లో బంగారు కొల్లాయిడ్‌ల రంగులను వివరించడానికి ఇచ్చాడు. అంతకుముందే 1890లో లోరెంజ్ అదే జవాబుకు వేరే దారిలో చేరాడు. ‘మీ సిద్ధాంతం’ అనేది ఇదే. ఇందులో కణం ఎంతైనా శోషించవచ్చు, చుట్టూ ఉన్న యానకం మాత్రం శోషించకూడదు. కాంతి పరిక్షేపణం వాల్తేరుకు కొత్త విషయం కాదు. భౌతిక శాస్త్రవేత్త సూరి భగవంతం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన రోజుల నుంచీ అక్కడ నలిగిన అంశమే. అయితే ఆ పని ఎక్కువగా పారదర్శక పదార్థాల మీదే సాగింది. యానకమే కాంతిని మింగుతుంటే ఏం చేయాలన్న ప్రశ్న మీద 1974లో మండీ, రూ, స్మిత్, 1977లో చిలెక్, 1979లో బోరెన్, గిల్రా వరసగా వ్యాసాలు రాశారు. 2000 తర్వాత ఫూ, సన్, యాంగ్, మిష్చెంకో వంటివారు మళ్లీ తిరగదోడారు. ఇంతమంది ఇన్నిసార్లు రాయవలసి రావడానికి కారణం గణితం కాదు, నిర్వచనం.

అసలు ఈ లెక్క ఎప్పుడు కావాలి

యానకపు వక్రీభవన గుణకంలో వాస్తవ భాగంతో పాటు కల్పిత భాగం ఉంటుంది. దాన్ని కప్పా అంటారు. శోషణ గుణకం 4π × కప్పా ÷ తరంగదైర్ఘ్యం. దీన్ని కణం వ్యాసార్ధంతో గుణిస్తే వచ్చే యూనిట్లు లేని సంఖ్యను ఈటా అందాం. కణం సైజు దూరంలో యానకం ఎంత కాంతిని తినేస్తుందో ఈటా చెబుతుంది. కోడ్ వెతకడానికి ముందు చేయవలసిన పని ఈ ఒక్క గుణకారం.

విశాఖ హార్బర్ నీటినే తీసుకోండి. ఆకుపచ్చ కాంతికి, అంటే 0.55 మైక్రోమీటర్ల దగ్గర, స్వచ్ఛమైన నీటి శోషణ గుణకం మీటరుకు సుమారు 0.057. 10 మైక్రోమీటర్ల వ్యాసార్ధం ఉన్న మట్టి రేణువుకు ఈటా కోటిలో ఆరు వంతులకు మించదు. నీరు బురదగా ఉన్నా, అందులో కరిగిన పసుపు పదార్థం శోషణను వందరెట్లు పెంచినా ఈ సంఖ్య లెక్కలోకి రాదు. కాబట్టి నీటి అడుగున పనిచేసే కెమెరాలకు, ఆకుపచ్చ లేజర్లకు మామూలు మీ సిద్ధాంతం చాలు. యానకపు శోషణను కాంతి ప్రయాణించే మీటర్ల దారిలో విడిగా కలుపుకుంటే సరిపోతుంది. ఈ పరిధిలో ‘శోషించే యానకం’ కోడ్ వాడటం తప్పేమీ కాదు గానీ శ్రమ దండగ.

అదే నీటిని ఇన్‌ఫ్రారెడ్‌లో చూస్తే వ్యవహారం మారిపోతుంది. 1.45 మైక్రోమీటర్ల దగ్గర శోషణ సెంటీమీటరుకు సుమారు 29, 1.94 దగ్గర సుమారు 120. ఇక 3 మైక్రోమీటర్ల దగ్గర కప్పా 0.27 వరకు వెళ్తుంది, శోషణ సెంటీమీటరుకు 11,000 దాటుతుంది. అంటే అదే 10 మైక్రోమీటర్ల రేణువుకు ఈటా వరసగా 0.03, 0.12, 11 పైన. పోర్టులో కన్వేయర్ బెల్టు మీద సాగే ఖనిజంలో తేమను కొలవడానికి వాడే ఇన్‌ఫ్రారెడ్ మీటర్లు 1.45, 1.94 పట్టీల మీదే ఆధారపడతాయి. అందువల్ల ఈ ఊళ్లో ఇది పుస్తకాల లెక్క మాత్రమే కాదు.

యుద్ధనౌకల బూడిదరంగు పెయింటు మరో ఉదాహరణ. అందులో తెల్లదనం కోసం వేసే టైటానియం డయాక్సైడ్ రేణువు వ్యాసం సుమారు 0.25 మైక్రోమీటర్లు. పూత ఎంత ముదురుగా ఉన్నా, 10 మైక్రోమీటర్ల లోతులో కాంతి మూడో వంతుకు పడిపోయేంత శోషణ ఉందనుకున్నా, ఈటా 0.014 దగ్గరే ఆగుతుంది. ఒక్కో కణం స్థాయిలో యానకపు శోషణ ప్రభావం స్వల్పం. అసలు ప్రభావం కాంతి వేల కణాల మధ్య తిరిగే దారిలో ఉంది.

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల ఇసుకను కూడా కొందరు ఈ కోవలో వేస్తారు. అది పొరపాటు. అక్కడ ఎరుపు ఇసుక రేణువు మీద ఇనుప ఆక్సైడ్ పూతది, చుట్టూ ఉన్నది గాలి. యానకం శోషించడం లేదు కాబట్టి పాత నిర్వచనాలన్నీ నిలుస్తాయి. కావలసింది పూత ఉన్న గోళానికి 1951లో ఏడెన్, కెర్కర్ ఇచ్చిన పరిష్కారం. రేణువు తరంగదైర్ఘ్యానికి వందలరెట్లు పెద్దదైతే అదీ అక్కర్లేదు, కిరణాల లెక్క చాలు.

ఈటా 0.01 కంటే తక్కువైతే మామూలు మీ సిద్ధాంతంతో సరిపెట్టుకోవచ్చన్నది పనికొచ్చే సూత్రమే. కానీ దానికి ఒక మినహాయింపు ఉంది, తరచూ మరిచిపోయేది అదే. కణం బాగా చిన్నదైతే దాని పరిక్షేపణం వ్యాసార్ధపు ఆరో ఘాతంతో పడిపోతుంది, అది తొలగించిన శోషణ మాత్రం మూడో ఘాతంతోనే తగ్గుతుంది. 1.45 మైక్రోమీటర్ల కాంతిలో, నీటిలో ఉన్న బుడగకు ఈ రెండూ సమానమయ్యే వ్యాసార్ధం దాదాపు 0.037 మైక్రోమీటర్లు. అక్కడ ఈటా పదివేలలో ఒక వంతే, అయినా అంతకంటే చిన్న బుడగకు ఎక్స్‌టింక్షన్ మైనస్ అవుతుంది. అందుకని చిన్న కణాలకు ఈటాను కాకుండా శోషణ గుణకం × కణం ఘనపరిమాణాన్ని పరిక్షేపణ క్రాస్ సెక్షన్‌తో పోల్చి చూడాలి.

‘మీ సిద్ధాంతం’ కోడ్‌ను మార్చేటప్పుడు

ఎక్కువమంది మొదలుపెట్టేది బోరెన్, హఫ్‌మన్‌ల బీహెచ్‌మీ ప్రోగ్రాముతో. అది యానకపు వక్రీభవన గుణకం వాస్తవ సంఖ్యే అనుకుని రాసినది. కణం గుణకాన్ని యానకపు సంకీర్ణ గుణకంతో భాగించి నిష్పత్తిని మాత్రం ఇచ్చేసి, సైజు పరామితిని (కణం వ్యాసార్ధం × యానకంలో తరంగసంఖ్య, అంటే 2π ÷ తరంగదైర్ఘ్యం) పాతపద్ధతిలో వాస్తవ సంఖ్యగా ఉంచడం అందరూ చేసే మొదటి తప్పు. యానకం శోషిస్తే తరంగసంఖ్య సంకీర్ణం, కాబట్టి సైజు పరామితి కూడా సంకీర్ణమే. సగం మార్చిన కోడ్ ఆగిపోదు, హెచ్చరించదు. నమ్మదగినట్టు కనిపించే అంకెలు ఇచ్చి ఊరుకుంటుంది.

రెండోది కల్పిత భాగం గుర్తు. కాలంతో తరంగం మారే తీరును మైనస్ ఘాతంగా రాసే సంప్రదాయంలో శోషణకు కల్పిత భాగం ప్లస్. ప్లస్ ఘాతంగా రాస్తే మైనస్. బీహెచ్‌మీ, డీడీస్కాట్ ప్రోగ్రాములు మొదటి దారి పట్టాయి, మీపైథాన్ రెండో దారి. కణానికి ఒక గుర్తు, యానకానికి ఇంకొకటి ఇస్తే యానకం కాంతిని మింగే బదులు లేజర్‌లోలా పెంచేదవుతుంది. ఈటా చిన్నదైనప్పుడు ఈ తప్పు కంటికి కనపడదు, అందుకే ప్రమాదం.

మూడోది సంఖ్యలకు సంబంధించినది. బీహెచ్‌మీ బయటికి పోయే తరంగాన్ని సూచించే రికాటీ–బెసెల్ ఫలనాన్ని రెండు ఫలనాల కలయికగా కడుతుంది. వాస్తవ సంఖ్యలకు అది బాగానే ఉంటుంది. సంకీర్ణ సంఖ్య ఇచ్చినప్పుడు ఆ రెండు ఫలనాలూ ఘాతీయంగా పెరుగుతాయి, వాటి తేడాగా రావలసిన ఫలనం మాత్రం అంతే వేగంగా తరుగుతుంది. రెండు పెద్ద సంఖ్యలను తీసివేసి ఒక అతి చిన్న సంఖ్యను రాబట్టడమన్నమాట. పోయే అంకెల సంఖ్య ఈటా మీదే ఆధారపడుతుంది. ఈటా 11 దాటితే దాదాపు 5 దశాంశ స్థానాలు పోతాయి. 36 దగ్గర డబుల్ ప్రెసిషన్‌లోని 16 స్థానాలూ పోయి మిగిలేది చెత్తే. సింగిల్ ప్రెసిషన్‌లో ఈటా 16కే ఆ గతి పడుతుంది. దీనికి మందు సులభం: ఆ ఫలనాన్ని కలయికగా కట్టకుండా, సంకీర్ణ ఘాతంతోనే మొదటి రెండు పదాలను మొదలుపెట్టి దాని సొంత పునరావృత సూత్రంతో పైకి నడపాలి. ఆ దిశలో అది స్థిరంగా ఉంటుంది. లోపలి క్షేత్రానికి వాడే లాగరిథమిక్ అవకలజాన్ని మాత్రం ఎప్పటిలాగే పెద్ద క్రమం నుంచి కిందికి దించాలి.

మీ సిద్ధాంతపు పరిష్కారం ఒక శ్రేణి. అందులో ఎన్ని పదాలు కావాలన్నదానికి విస్కోంబ్ 1980లో ఇచ్చిన సూత్రమే ఆధారం: సైజు పరామితి, దాని ఘనమూలానికి సుమారు 4 రెట్లు, ఇంకో 2, ఈ మూడింటి మొత్తం. ఇక్కడ సైజు పరామితి బదులు దాని పరమ మూల్యం వేసి, పైన ఒక పది పదాలు అదనంగా తీసుకుంటే ధైర్యంగా ఉండొచ్చు. ఖర్చు ఏమీ ఉండదు.

ఏ ప్రకాశంతో భాగించాలి

క్రాస్ సెక్షన్ అంటే కణం వల్ల పోయిన శక్తిని పడుతున్న కాంతి తీవ్రతతో భాగించగా వచ్చేది. పారదర్శక యానకంలో ఆ తీవ్రత అంతటా ఒకటే, కాబట్టి ఎక్కడ కొలిచామన్న ప్రశ్నే రాదు. శోషించే యానకంలో కణం ముందు భాగంలో ఒక తీవ్రత, కేంద్రం ఉండే చోట వేరొకటి, వెనక మరొకటి. 3 మైక్రోమీటర్ల కాంతిలో, నీటిలో 5 మైక్రోమీటర్ల వ్యాసార్ధం ఉన్న క్వార్ట్జ్ రేణువుకు ఈటా 5.7. కణం లేకపోతే దాని ముందు అంచు దగ్గర ఉండే తీవ్రత కేంద్రం దగ్గరి తీవ్రతకు సుమారు 300 రెట్లు. మీ సిద్ధాంతపు పరిష్కారం సహజంగా కేంద్రాన్నే ఆధారంగా పట్టుకుంటుంది. అందుకే పెద్ద కణానికి 2 చుట్టూ ఉండాల్సిన ఎక్స్‌టింక్షన్ ఎఫిషియన్సీ (క్రాస్ సెక్షన్ ÷ కణం వృత్త వైశాల్యం) ఇక్కడ ఎంతో పెద్దగా, ఒక్కోసారి మైనస్‌గా కూడా వస్తుంది. రేణువు తన మేర నీటిని తప్పించి కాంతికి దారి ఇస్తోంది కాబట్టి అందులో వింతేమీ లేదు.

మండీ బృందం చూపిన దారి వేరు. గోళం ముందు అర్ధభాగం మీద నిజంగా పడే శక్తిని మొత్తం కూడి, దానితో భాగించాలి. మామూలు వృత్త వైశాల్యానికి బదులు వచ్చే గుణకం: ఈటా నుంచి 1 తీసివేసి, దాన్ని ఈటా ఘాతంగా గల సహజ ఘాతీయ సంఖ్యతో గుణించి, 1 కలిపి, రెట్టింపు చేసి, ఈటా వర్గంతో భాగించాలి. ఈటా సున్నాకు చేరుతుంటే ఇది 1కి చేరుతుంది. ఎఫిషియన్సీలు అదుపులో ఉంటాయి, గ్రాఫులు అందంగా వస్తాయి. కానీ ఆ సంఖ్యను ఏ డిటెక్టరూ కొలవదు.

బోరెన్, గిల్రా డిటెక్టరు వైపు నుంచి ఆలోచించారు. కణం ఉన్నప్పుడు, లేనప్పుడు డిటెక్టరు చూపే తేడాయే ఎక్స్‌టింక్షన్. ఈ నిర్వచనంలో ముందుదిశ పరిక్షేపణ ఆంప్లిట్యూడ్‌ను తరంగసంఖ్య వర్గంతో భాగించి, వాస్తవ భాగం తీసి, 4πతో గుణించాలి. ఇక్కడ వరస ముఖ్యం. సంకీర్ణ వర్గంతో ముందు భాగించాలి, వాస్తవ భాగం తర్వాతే తీయాలి. పాత కోడ్‌లు వాస్తవ భాగం ముందు తీసి తర్వాత భాగిస్తాయి. తరంగసంఖ్య వాస్తవమైనంత కాలం రెండూ ఒకటే, సంకీర్ణమైతే కాదు. కాంతి రవాణా లెక్కల్లోకి పంపడానికి పనికొచ్చేది ఈ నిర్వచనమే అన్నది ఈ వ్యాసం పక్షం. అందంగా కనిపించే ఎఫిషియన్సీలు ప్రయోగంతో పోల్చడానికి అక్కరకు రావు.

శోషణ, పరిక్షేపణాల సంగతి ఇంకా చిక్కు. కణం లోపల శోషణ స్పష్టమైన రాశే: కణం ఉపరితలం మీద నికర శక్తి ప్రవాహాన్ని కూడితే వస్తుంది. పరిక్షేపిత శక్తి మాత్రం ఎంత దూరంలో కొలిస్తే అంత తక్కువ, ఎందుకంటే దారిలో యానకం దాన్ని తింటూనే ఉంటుంది. ఎక్స్‌టింక్షన్ అంటే ఈ రెంటి మొత్తం అన్న పాత సూత్రం ఇక్కడ చెల్లదు. ఆ సూత్రాన్ని పట్టుకుని ఆల్బెడో, అంటే ఎక్స్‌టింక్షన్‌లో పరిక్షేపణపు వాటా, లెక్కకడితే 1 దాటుతుంది, లేదా మైనస్ అవుతుంది. కాంతి దారులను యాదృచ్ఛికంగా నడిపి లెక్కకట్టే మాంటీ కార్లో ప్రోగ్రాములు చాలావరకు అలాంటి ఆల్బెడోను నోరెత్తకుండా తీసుకుంటాయి.

కణాలు ఎన్నో ఉన్నప్పుడు మొత్తం క్షీణత ఎంత? యానకపు శోషణ గుణకానికి, ఘనపరిమాణంలో కణాల సంఖ్య × ఒక్కో కణం ఎక్స్‌టింక్షన్ కలపాలి. అంతే. కణాలు ఆక్రమించిన చోటును మినహాయించి యానకపు శోషణను తగ్గించడం సహజంగా తోచే పని, చాలా రిపోర్టుల్లో కనిపించేదీ అదే. అది ఒకే తగ్గింపును రెండుసార్లు లెక్కించడం. తొలగిన శోషణ ఆ ఎక్స్‌టింక్షన్‌లో అప్పటికే ఉంది, మైనస్ గుర్తు వచ్చిందే దాని వల్ల.

గోళం కానప్పుడు

ధూళి రేణువులు గోళాలు కావు. ఎఫ్‌డీటీడీ పద్ధతి (స్థలాన్ని గడులుగా విడగొట్టి, మాక్స్‌వెల్ సమీకరణాలను కాలంతో అడుగడుగునా నడపడం) ఇక్కడ సూటిగా పనిచేస్తుంది. కణంలోని తరంగదైర్ఘ్యానికి 20 గడుల చొప్పున వేస్తే, పైన చెప్పిన క్వార్ట్జ్ రేణువుకు గడి 0.1 మైక్రోమీటర్లు, అంచులతో కలిపి ఒక్కో వైపు 140 గడులు, మొత్తం దాదాపు 27 లక్షలు. సాధారణ ల్యాప్‌టాప్ మోస్తుంది. హెమటైట్ లాంటి ఎక్కువ వక్రీభవన గుణకం ఉన్న పదార్థమైతే గడి సగమవుతుంది, గడుల సంఖ్య ఎనిమిది రెట్లు, సమయం పదహారు రెట్లు.

తప్పులు జరిగేది మూలం దగ్గర. పడే తరంగాన్ని కణం చుట్టూ గీసుకున్న పెట్టె లోపలికి ఎక్కించే కోడ్‌లో ఒక పక్కన నడిచే ఏకదిశ గ్రిడ్ ఉంటుంది. దానికి కూడా యానకపు శోషణ ఇవ్వాలి. ఇవ్వకపోతే పెట్టె అంచుల నుంచి లేని పరిక్షేపణం కారుతుంది. కణాన్ని తీసేసి ఖాళీ యానకంతో ఒకసారి నడిపితే ఈ కారుడు వెంటనే బయటపడుతుంది. మీప్ అనే ఎఫ్‌డీటీడీ ప్యాకేజీలో శోషణను వాహకత్వం రూపంలో ఇస్తారు: 2π × ఫ్రీక్వెన్సీ × పర్మిటివిటీ కల్పిత భాగం ÷ వాస్తవ భాగం. ఇది ఆ ఒక్క ఫ్రీక్వెన్సీకే సరైనది. వెడల్పాటి పల్స్‌తో ఒకే దెబ్బకు స్పెక్ట్రమంతా తీద్దామనుకుంటే శోషణ ఫ్రీక్వెన్సీతో మారే తీరును చెప్పే లోరెంట్జ్ నమూనా అమర్చక తప్పదు.

దగ్గరి క్షేత్రం నుంచి దూరపు క్షేత్రానికి మార్చే సమాకలనంలో తరంగసంఖ్య సంకీర్ణమే కావాలి. అప్పుడు పెట్టె ఉపరితలం మీది విలువలు ఘాతీయ గుణకంతో పెరుగుతాయి, వాటితో పాటు గుండ్రం చేసిన అంకెల దోషమూ పెరుగుతుంది. అందుకే ఆ పెట్టె కణానికి వీలైనంత దగ్గరగా ఉండాలి. కణాన్ని చిన్న డైపోల్‌ల గుంపుగా లెక్కించే డైపోల్ పద్ధతి వాడేవాళ్లు ముందుగా తమ కోడ్ శోషించే యానకాన్ని ఒప్పుకుంటుందో లేదో చూసుకోవాలి. నిష్పత్తిని మాత్రం సంకీర్ణంగా ఇచ్చి సరిపెట్టుకోవడమంటే బీహెచ్‌మీ తప్పునే మరింత ఖరీదుగా చేయడం.

ఏ పద్ధతైనా ఫలితాన్ని నమ్మేముందు కొన్ని పరీక్షలు ఉన్నాయి. యానకపు కప్పాను సున్నా చేసి, 0.525 మైక్రోమీటర్ల వ్యాసార్ధం, 1.55 గుణకం, 0.6328 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యంతో గాలిలో నడిపితే ఎఫిషియన్సీ 3.10543 రావాలి, బీహెచ్‌మీతో వచ్చే నమూనా ఫలితమిది. కణానికి, యానకానికి ఒకే సంకీర్ణ గుణకం ఇస్తే ఎక్స్‌టింక్షన్, పరిక్షేపణం రెండూ సున్నా కావాలి, రాకపోతే గుర్తు సంప్రదాయం ఎక్కడో కలగాపులగమైంది. అన్నిటికంటే పదునైనది మూడోది: 1.33 గుణకం, స్వల్ప శోషణ ఉన్న యానకంలో అతిచిన్న బుడగకు ఎక్స్‌టింక్షన్ శోషణ గుణకం × ఘనపరిమాణానికి 1.03 రెట్లు, మైనస్ గుర్తుతో రావాలి. 1.5 గుణకం ఉన్న రెజిన్‌కు అది 1.01 రెట్లు. సైజు పరామితిని వాస్తవంగా వదిలేసిన కోడ్ ఈ పరీక్షలో తప్పక దొరికిపోతుంది.

ఇచ్చే అంకెల నాణ్యత మరో సమస్య. నీటి ఆప్టికల్ పట్టికల్లో ఎక్కువగా వాడేవి 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. నీరు వేడెక్కేకొద్దీ 1.45 పట్టీ తక్కువ తరంగదైర్ఘ్యం వైపు జరుగుతుంది, కాబట్టి మే నెల ఎండలో తడిపిన ఖనిజానికి పట్టిక అంకెను నేరుగా వేస్తే పట్టీ అంచుల్లో తేడా కనిపిస్తుంది. సముద్రపు నీటి వక్రీభవన గుణకం మంచినీటికంటే సుమారు 0.006 ఎక్కువ. విశాఖ తీరంలో వర్షాకాలం తర్వాత ఉప్పదనం తగ్గుతుంది గనక ఏడాది పొడవునా ఒకే అంకె కుదరదు. ఖనిజ రేణువుకు ఈ తేడా లెక్కలోనిది కాదు, నీటికి దగ్గరి గుణకం ఉన్న ప్లాంక్టన్‌కు మాత్రం ముఖ్యమే.

ఇక పోర్టు యార్డులోని తడి ఖనిజం కుప్ప. అక్కడ రేణువులు ఒకదాన్నొకటి తాకుతుంటాయి, నీరు వాటి చుట్టూ పలచటి పొర మాత్రమే, మిగతా సందులన్నీ గాలి. ఒంటరి కణం అనంతమైన యానకంలో ఉందన్న ఊహ అక్కడ ఏ రకంగానూ నిలవదు, ఎంత మంచి కోడ్ అయినా సరే. 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి తూచిన నమూనాలతో మీటరును సరిచూసుకోవడమే దారి. ఏ తరంగదైర్ఘ్యాల జంటను నిష్పత్తిగా తీసుకుంటే రేణువుల సైజు ప్రభావం తక్కువగా ఉంటుందో వెతకడానికి మాత్రం సిమ్యులేషన్ పనికొస్తుంది. ఆ వెతుకులాటలో కూడా 1.94 పట్టీకి ఈటాను, తొలగిన శోషణను కలిపి నడపాలి. 1.3 దగ్గరి ఆధార తరంగదైర్ఘ్యానికి మామూలు మీ సిద్ధాంతం సరిపోతుంది.